సగం దారిలో రన్‌వే

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు... నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు, ఇది నాకు జరిగింది.

టెక్సస్‌లో, మా ప్లేనోలో నలభై మైళ్ళంటే నాకు లెక్కే కాదు. హాస్పిటల్‌కి రోజూ అంత దూరం డ్రైవ్ చేసే నర్సుని. మూడు నెలల కాంట్రాక్ట్ మీద అలాస్కా ఉత్తరానికి వెళ్ళాక తెలిసింది, నలభై మైళ్ళంటే ఏమిటో. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య రోడ్డుండదు. చిన్న విమానంలో పాతిక నిమిషాలు.

ఆ రోజు అవతలి ఊళ్ళో ఒక పాపకి ఇన్సులిన్ అయిపోయింది. రాత్రి డోసుకి చుక్క లేదు. గడ్డకడితే మందు పనికిరాదు కదా... సీసాలు స్వెట్టర్ లోపల పొట్టకి ఆనించి కట్టుకున్నాను. టైము సాయంత్రం నాలుగే. చిమ్మచీకటి. అక్కడ చలికాలం అంతే.

పైలట్ కిరణ్. ప్లేనోలో పుట్టిన మన కుర్రాడే. సాఫ్ట్‌వేర్ చెయ్యలేదని వాళ్ళమ్మ ఇంకా సాధిస్తోందట.

"ఆంటీ, ఊరు దగ్గర వచ్చాక ఈ బటన్ సెవెన్ టైమ్స్ నొక్కుతాను. రేడియోలో ఆ సౌండ్ వెళ్తే రన్‌వే లైట్స్ ఆన్ అవుతాయి. అక్కడ మనుషులు ఉండరు."

సగం దూరం వచ్చాం. గాలి మమ్మల్ని చేటలో బియ్యంలా ఎగరేస్తోంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు... హెడ్‌ఫోన్స్‌లో...

టిక్.

టిక్... టిక్...

సమంగా. లెక్కపెట్టాను. ఏడు.

"నొక్కావా నాన్నా?"

"లేదు ఆంటీ." బటన్ మీద నుంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు.

కింద... దీపాలు వెలిగాయి. రెండు వరుసలు. అచ్చం రన్‌వే. చుట్టూ ఒక్క ఇల్లు లేదు.

"దిగిపో కిరణ్! దిగరా!" అని అరిచాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు పాప గుర్తే లేదు.

వాడు ఎదురుగా ఉన్న జీపీఎస్ తెర మీద ఊరికి దూరం చూపించాడు. ఇంకా పద్దెనిమిది మైళ్ళు.

"ఇక్కడ ఊరు లేదు ఆంటీ... నథింగ్ లేదు."

తిన్నగా పోనిచ్చాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి... చీకటి మా వెనకాలే వస్తున్నట్టు.

అసలు ఊరు ఆ పద్దెనిమిది మైళ్ళ తర్వాతే వచ్చింది. కిరణ్ ఏడుసార్లు నొక్కాడు. ఊరి రన్‌వే లైట్లు వెలిగాయి. రన్‌వే పక్కన పాప తండ్రి మంచు మీద పోయే స్నోమొబైల్ ఎక్కి ఎదురుచూస్తున్నాడు. సీసాలు అతని చేతిలో పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

మర్నాడు మధ్యాహ్నం, కాస్త వెలుతురుండగా తిరిగొచ్చాం. ఆ దీపాలు వెలిగిన చోట నది. ఇంకా గడ్డకట్టలేదు. నల్లటి నీళ్ళు, పైన పొగలు. బాగా చలిగా ఉంటే దూరపు దీపాలు దగ్గరగా కనిపిస్తాయని కిరణ్ అన్నాడు. అయ్యుండొచ్చు. మరి ఆ టిక్కులు? ఆ సాయంత్రం అటువైపు ఇంకో విమానం ఎగరలేదని కనుక్కుని చెప్పింది కూడా వాడే.

"మమ్మీకి చెప్పకండి, ఆంటీ," అన్నాడు దిగాక.

నేను చెప్పలేదు. కానీ ఇప్పటికీ కారులో ఇండికేటర్ వేస్తే నోట్లో లెక్క మొదలవుతుంది. ఆరు దాకా వింటాను... ఏడోది రాకముందే ఆపేస్తాను.