గుమ్మానికి అడ్డం

ఇంతిసార్‌ని పెళ్లికి పిలిస్తే పెళ్లికూతుర్ని చూడదు, అన్నం పళ్లేలు మోసుకొచ్చే బండి చక్రాలు చూస్తుంది. మా అష్రఫియా కొండ మీద అందరూ అనే మాటే ఇది. దుకాణాలకు సరుకు చేరవేసే చక్రాల పెట్టెలు గీయడం ఆవిడ ఉద్యోగం. నిండుగా ఉంటే ఒకదాని మీద ఒకటి నిలబడాలి, ఖాళీ అయితే ఒకదానిలో ఒకటి దూరాలి. ఊరి చివర సహాబ్‌లోని ఒక షెడ్డులో కూర్చుని రోజంతా అదే గీస్తుంది, అదే చెరుపుతుంది. ఆవిడ మొగుడు మిఫ్లిహ్ మా డెయిరీ వ్యానులో పెరుగు దించే మనిషి. ఆ వ్యాను నడిపేవాణ్ణి నేను. కూర్చుని చూడటం తప్ప ఈ కథలో నేను చేసిందేమీ లేదు.

ఏళ్ల తరబడి పెరుగు ట్రేలు భుజాన పెట్టుకుని ఆ ఏటవాలు సందులెక్కి మిఫ్లిహ్ నడుం పోయింది. మసీదులో అందరం నుదురు నేలకానిస్తుంటే ఇతను వెనక వరసలో, అబూ హిక్మత్ దుకాణంలోంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తల వంచేవాడు. ముసలివాళ్ల మధ్య కూర్చోవడం అతనికి చెడ్డ నామోషీ.

"ఎప్పటికైనా నా నుదురు మళ్లీ నేలకి తగుల్తుందంటావా, అబూ జుహైర్?" అన్నాడొకసారి వ్యానులో నాతో. నేను హారన్ కొట్టాను.

ఆ మాట ఇంట్లో కూడా అని ఉంటాడు. చలికాలమంతా ఇంతిసార్ మా డెయిరీ కోసం ఒక పెట్టె గీసింది. బాగుందంటే నిజంగానే బాగుంది. ఏటవాలులో బోల్తా పడకూడదని పిడి వెడల్పు వైపు పెట్టింది. పిడి వదిలితే చక్రాలు బిగుసుకుపోతాయి. మిఫ్లిహ్ ఒక్క ట్రే కూడా భుజానికెత్తకుండా గుమ్మం దాకా తోసుకెళ్లి నిలిపేవాడు. మా దుకాణాలు అగ్గిపెట్టెలంత కదా, పెట్టె లోపలికి పట్టదు. పెరుగు ఫ్రిజ్‌లో సర్దేసుకున్నాక కూడా, మేం తిరిగొచ్చేదాకా ఖాళీ పెట్టె గుమ్మంలోనే అడ్డంగా ఉండేది.

కొన్నాళ్లకే దుకాణదారులు గొణగడం మొదలెట్టారు. ఎందుకో వాళ్లకే తెలియదు.

"ఇది వచ్చాక బేరాల్లేవయ్యా. అచ్చిరాలేదు. మునపట్లా భుజం మీదే తెచ్చెయ్యి" అని అబూ హిక్మత్ తేల్చేశాడు.

మిగతావాళ్లూ అదే పాట. పెట్టెలు వెనక్కిచ్చేస్తామని డెయిరీ వాళ్లు అనేశారు. మిఫ్లిహ్ దారంతా చేత్తో నడుం నొక్కుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇంతిసార్ వ్యానెక్కింది.

"నువ్వెందుకే ఇక్కడ?" అన్నాడు మిఫ్లిహ్.

"నా పెట్టెని తిడుతున్నారటగా. నా చెవుల్తో నేను వింటాను."

"విను. దాంతో పాటు నన్నూ తిడుతున్నారు. అవి కూడా మూటగట్టుకో."

అబూ హిక్మత్ గుమ్మంలో పెట్టె నిలిపి, మిఫ్లిహ్ రెండోదాన్ని తోసుకుంటూ పక్క సందులోకి వెళ్లాడు. ఇంతిసార్ దిగి దుకాణం దాకా నడిచింది. అక్కడ ఆగిపోయింది. తలగుడ్డ సర్దుకుంది, రోడ్డు వంక చూసింది, నిలబడే ఉంది. ఇంకో ఆడమనిషి సంచీ ఊపుకుంటూ వచ్చి, పెట్టెను చూసి, నాలిక చప్పరించి వెళ్లిపోయింది. దుకాణంలో అబూ హిక్మత్ టీగ్లాసు పట్టుకుని వీళ్ల వంకే తెల్లబోయి చూస్తున్నాడు.

"ఏం చెల్లెమ్మా, నాకేమన్నా అంటురోగమా? అక్కడే ఆగిపోయావేం?"

ఇంతిసార్ ఉలిక్కిపడింది. "అయ్యో, లోపలే ఉన్నారా అన్నా! నమాజుకెళ్లారనుకున్నా."

"ఈ వేళప్పుడు ఏం నమాజమ్మా?"

ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి పెట్టె వంక చూశారు.

మా దగ్గర దుకాణదారు నమాజుకెళ్తూ తాళం వేయడు. గుమ్మానికి అడ్డంగా కుర్చీయో చీపురో పెట్టిపోతాడు. అది చూస్తే ఎవరైనా వెనక్కి తిరగాల్సిందే. ఎవరూ ఆలోచించరు, కాళ్లే ఆగిపోతాయి. తన చేత్తో గీసిన పెట్టె ముందే ఇంతిసార్ కాళ్లూ ఆగిపోయాయి.

ఆవిడ మెట్టు మీద కూలబడి పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఈ కొండ మీద గుమ్మాలన్నీ కొలిచానన్నా. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదాన్ని మాత్రం మర్చిపోయాను."

"మేం మాత్రం ఏం గుర్తుపట్టాం? నేను దిష్టి తగిలిందనుకుని ఉప్పు కూడా తిప్పేశాను" అన్నాడు అబూ హిక్మత్.

మార్చడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పిడిని ఇరుకు వైపుకు మార్చి, బోల్తా పడకుండా చక్రాలను కాస్త ఎడంగా జరిపింది. ఇప్పుడు పెట్టె నిలువుగా వచ్చి గోడవారన ఒదిగి నిలబడుతుంది, సగం గుమ్మం ఖాళీగా ఉంటుంది. బేరాలు తిరిగొచ్చాయి. డెయిరీ వాళ్లు పెట్టెలు వెనక్కివ్వడం మానుకున్నారు. మిఫ్లిహ్ భుజం మీదికి మళ్లీ ట్రే ఎక్కలేదు.

చలి మళ్లీ మొదలయ్యే రోజుల్లో ఒక మధ్యాహ్నం అజాన్ వినిపించింది. మేం అబూ హిక్మత్ దగ్గరే ఉన్నాం. అతను అలవాటుగా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, "ఇదిగో, నీ సింహాసనం" అన్నాడు.

"ఇవాళ నీ గుమ్మానికే అడ్డం పెట్టుకో" అన్నాడు మిఫ్లిహ్.

మసీదులో నా పక్కనే నిలబడ్డాడు. కిందికి వంగుతుంటే అతని మోకాళ్లు టకటకమన్నాయి. మేమంతా తలెత్తాక కూడా అతను నేలకానించిన నుదురు చాలాసేపు ఎత్తలేదు. నాకు భయం వేసింది, తర్వాత ఏడుపొచ్చింది.

సాయంత్రం ఇంటి ముందు వ్యాను ఆపాను. ఇంతిసార్ చెవిమీద పెన్సిలుతోనే వచ్చి తలుపు తీసింది.

"ఇంట్లో నేను నమాజు చేసే కుర్చీ ఉంది చూడు, దాని మీద బట్టలారేసుకోవే. నాకింక అక్కర్లేదు" అన్నాడు మిఫ్లిహ్.

ఆవిడ రెండు చేతులా గుమ్మం పట్టుకుని అడ్డంగా నిలబడిపోయింది. మిఫ్లిహ్ లోపలికెళ్లే దారి కోసం చాలాసేపు ఆగాల్సొచ్చింది.