ఆదివారం పెట్టిన టిక్కులు

మా ఆయనకి హెవీ లైసెన్సు వచ్చిన రోజున మా అత్త పాయసం వండింది. ఇంక మా కష్టాలు గట్టెక్కాయని నేనూ అనుకున్నాను. లారీ తోలడానికి ఆ ఒక్క కాగితం చాలదని నాకు తెలిసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దక్షిణాఫ్రికాలో మా ఊరు స్టాంగర్. ఆ చుట్టుపక్కల తోటల్లో కాల్చి కొట్టిన చెరకుని మిల్లుకి చేర్చడం ఆయన పని. ఇంటికొచ్చేసరికి చొక్కా అంతా మసి. ఆ దేశంలో తెల్లవాళ్లకే కాక అందరికీ మొదటిసారి ఓటు రాబోతున్న నెలలవి. ఒక లోయ ఒక పార్టీది, పక్క లోయ ఇంకొకరిది. ఏ మలుపులో ఎవరు రాళ్లు అడ్డం పెట్టి నిలబడ్డారో వెళ్తే గాని తెలిసేది కాదు. ఆయన అక్కడివాళ్ల జూలూ భాష చక్కగా మాట్లాడేవాడు. అడ్డగించినవాళ్లని ముందు పలకరించి, ఇంట్లో పెద్దవాళ్ల బాగోగులు అడిగి, ఆ తర్వాతే దారి అడిగేవాడు. చెరకు ఒకపక్కకి ఒరిగితే అద్దంలో చూడక్కర్లేదు, కూర్చున్న సీటే చెబుతుందనేవాడు. లోడు కట్టిన చెయిను ఎంత బిగిసిందో అరచేత్తో తట్టి చెప్పేవాడు. తక్కువైంది చదువొక్కటే. చిన్నప్పుడే బడి మాని చెరకు నరకడానికి పోయాడు. ఇంగ్లీషులో సంతకం పెడతాడు, ఊళ్ల బోర్డులు గుర్తుపడతాడు, అంతే.

బడికి నేనూ పోలేదు. మా నాన్న వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి భజన పుస్తకంతో తెలుగు, పాత పేపర్లతో ఇంగ్లీషు నేర్పాడు. ఆ నాలుగు ముక్కలు నేర్పినందుకు మా నాన్నకీ, అలాంటి నాన్ననిచ్చిన దేవుడికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆ చదువే మా మీదికి ముప్పు తెచ్చింది.

ఆయన పనిచేసే లారీల యార్డుకి కొత్త మేనేజరొచ్చి కొత్త పద్ధతి పెట్టాడు. రోజూ బండి తీసేముందు డ్రైవరు చుట్టూ తిరిగి చూడాలి. టైర్లు, లైట్లు, చెయిన్లు, బ్రేకులు అంటూ ఒక్కోదానికి ఎదురుగా టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి. వారానికి సరిపడా ఆరు కాగితాలు ముందే చేతికిచ్చేవారు. మొదటిరోజు ఆయన వాటిని మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు.

“ఏమే, ఇదేంటో చూడు. కుర్రాళ్లందరూ అక్కడే చకచకా రాసేశారు. నేను కళ్లజోడు మర్చిపోయానని చెప్పొచ్చాను.”

“మీకు కళ్లజోడెక్కడిదండీ?”

“అందుకే మర్చిపోయాను.”

నవ్వుకున్నాం. నేను రాసిస్తానన్నాను. అప్పట్నించి ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన కాగానే బల్ల దగ్గర కూర్చుని సోమవారం నుంచి శనివారం దాకా ఆరు కాగితాలూ నింపేదాన్ని, ఆయన అన్నింటి కిందా సంతకం పెట్టేసేవాడు. ఒక్కో టిక్కుకీ “స్వామీ, కాపాడు” అనుకునేదాన్ని. నాకది రాతపని కాదు, పూజే.

ఒక బుధవారం ఆయన వేళకి రాలేదు. వచ్చినప్పుడు జుట్టులో చెరకాకులు, మోచెయ్యి దోక్కుపోయి ఉంది. నిండు లోడుతో మిల్లు వైపు కొండ దిగుతుంటే బ్రేకుల్లో గాలి ఎంతుందో చూపించే సూది పడిపోతూ వచ్చిందట. పెడలు నొక్కితే సగమే పట్టిందట. కింద బస్సు స్టాపులో అనాసపళ్లు పెట్టుకుని ఆడవాళ్లున్నారు. చిన్న గేరులోకి దించి, బండిని పక్కనున్న మట్టిగట్టులోకి తోసేశాడు. ట్రైలర్ ఒరిగి చెరకంతా రోడ్డు పాలైంది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు.

మేనేజరు వచ్చి క్యాబిన్‌లో వెతికితే బుధవారం కాగితం దొరికింది. బ్రేకులు బాగున్నాయని నీలం సిరాతో టిక్కు. దాని కిందే గురువారం, శుక్రవారం, శనివారం కాగితాలు కూడా.

“శనివారం బ్రేకులు కూడా చూసేశావా? అయితే నువ్వు డ్రైవరువి కాదు, జోస్యుడివి,” అన్నాడట అందరి ముందూ.

నేను ఏడవలేదు. “పొద్దున మీకేమీ తెలియలేదా?” అనడిగాను.

ఆయన మోచేతి మీది మట్టి తుడుచుకున్నాడు. “ఎక్కడో బుస్సుమంటోంది అనిపించింది. చూద్దామని దిగబోయాను. అంతలో కాగితం కనపడింది. నువ్వు రాసేశావు కదా, బాగానే ఉంటుందిలే అనుకున్నాను.”

ఆ మాట నా మీద కోపంతో అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. కాగితం లేని రోజుల్లో ఆయన చెవే చాలేది. ఆ చెవిని నేనే మూసేశాను.

మా అత్త మాత్రం ఊరుకోలేదు. “బ్రేకులు చూసే పని కూడా దేవుడికే అప్పజెప్పావా తల్లీ? ఆయనకేమైనా లైసెన్సుందా?”

మేనేజరు సోమవారం దాకా గడువిచ్చాడు. తన కళ్లెదుట ఆయన వేరే బండి చూసి, స్వయంగా కాగితం రాయాలి. రాయలేకపోతే ఇంక రానక్కర్లేదు.

గురువారం నేను పలక తీసి అక్షరాలు పెట్టబోతే ఆయన విసుక్కున్నాడు. “ముందు నువ్వు చెప్పు. గాలి లీకు అని టిక్కు పెట్టావే, అదెలా చూస్తారో తెలుసా?”

తెలీదు. ఆయన చెప్పాడు. ఇంజను నడిపి సూది పైకెక్కేదాకా ఆగాలి. ఇంజనాపి పెడలు నొక్కి పట్టుకుని సూదినే చూస్తూ వినాలి. ఒక్కొక్కటే అడిగాను, అన్నీ చెప్పాడు. అందులో ఒక్కటీ నేనెప్పుడూ చూసినది కాదు. ఇన్ని వారాలూ దేవుడి పేరు తలుచుకుంటూ చూడని వాటికి సాక్ష్యం రాశాను. ఆ సాయంత్రం దీపం ముందు చెంపలేసుకున్నాను.

తర్వాత వరస మార్చాం. ఆయన పెరట్లో లేని బండి చుట్టూ తిరుగుతూ ఏం చూస్తున్నాడో చెప్పేవాడు. ఆ వస్తువు పేరు నేను పలక మీద రాసి చూపించేదాన్ని. పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి, ఏం మొక్కు అని అడిగారు. ఆదివారానికి ఇరవై మాటల దాకా వచ్చాయి. అన్నీ గుర్తుండేవి కావు. రాత్రి పడుకున్నాక కూడా “బి, ఆర్...” అంటూ గొణుక్కునేవాడు.

సోమవారం తెల్లవారి వెళ్లాడు. పది కాకముందే గేటు చప్పుడైంది.

“పంపేశారు,” అంది మా అత్త, బియ్యం చేట కింద పెట్టేసి.

ఆయన చెప్పులు విప్పుతూ అన్నాడు: “బండి తియ్యనని చెప్పాను.”

“అయ్యో, ఎందుకండీ?”

“వెనక చక్రానికి ఒక నట్టు దగ్గర తుప్పు చార దిగి ఉంది. వదులైతేనే అలా వస్తుంది. నట్ అని రాసి, నో అని పెట్టాను. ఎన్ తిరగేసి రాశాననుకుంటా. లోడు ఎదురుచూస్తోంది, మిల్లులో వంతు పోతుందని అరిచాడు. సంతకం మాత్రం చెయ్యనన్నాను.”

“తర్వాత?”

“మెకానిక్కుని పిలిచాడు. ఒకటి కాదు, రెండు వదులు.”

“మరి ఉద్యోగం?”

“అది చెప్పలేదు. ఆ బండి ఈపూట లేవదు, రేపు ఆరింటికి రా అన్నాడు. రేపటి కాగితం రేపే ఇస్తాడట.”

రేపు పిలిచింది బండివ్వడానికో, పొమ్మనడానికో ముగ్గురికీ తెలీదు. మా అత్త చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. నేను చద్దన్నంలో మజ్జిగ పోసి, మామిడికాయ పచ్చడి వేసి పెట్టాను. ఆ పూట ఆయన కొండ దిగే దారిలో లేడు, నా ఎదురుగా కూర్చుని తింటున్నాడు. దానికి మటుకు దణ్ణం పెట్టుకున్నాను.