ఓడినవాళ్ల వంతు

నోట్లో మిగిలిన నాలుగు పళ్లలో ఒకటి వారం రోజులుగా నన్ను సాధిస్తోంది. డాక్టరు మాత్రలకు లొంగలేదు. చివరికి మా కోడలు తుమ్మచెక్క తెప్పించి కషాయం కాచింది. వంటింట్లోంచి ఆ వాసన వసారాలోకి వచ్చేసరికి, పంటినొప్పి మాట అటుంచి, నేనెక్కడున్నానో కాసేపు మరిచిపోయాను. నైలాను వలలు రాక ముందు పులికాట్ సరస్సు ఒడ్డున నూలు వలలు చివికిపోకుండా తుమ్మచెక్క కాచిన నీళ్లలో ముంచేవారు. పెద్ద పెద్ద కాగుల్లో అది ఉడుకుతుంటే ఊరంతా ఇదే వగరు వాసన. సరిగ్గా ఆ వేళకే మా వీధిలో ఎన్నికల ఆటో ఒకటి మైకులో అరుచుకుంటూ పోయింది. దాని వెనకే కరపత్రాలు పట్టుకుని నలుగురు ఆడవాళ్లు మా గేటు తీశారు. వాళ్లలో పెద్దావిడకు నలభై ఏళ్లుంటాయి. మాట తీరును బట్టి "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాను. ఆవిడ చెప్పిన ఊరి పేరు విని, కషాయం గ్లాసు పక్కన పెట్టి, కూర్చోమన్నాను. ఆవిడ ఏం చెప్పిందో చివర్లో రాస్తాను. ముందు పోలయ్య గారి సంగతి చెప్పాలి.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో, నా ఇరవై ఒకటో ఏట, నాకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది. సూళ్లూరుపేటలో రైలు దిగి, కొంత దూరం బండిలో పోయి, అక్కడి నుంచి పడవ ఎక్కితే ఆ పల్లెకారుల ఊరు. నలభై ఇళ్లు, రెండు వరసలు. ఉత్తరపు వరస, దక్షిణపు వరస. మధ్యలో ఆరబెట్టిన వలలు, వాటి పక్కన తాటాకు కప్పిన నా బడి. నేను పైప్రాంతపు రైతుబిడ్డను. వరి తప్ప మరొకటి ఎరగను. చేపల వాసనకు మొదటి వారం నాకు అన్నం సయించలేదు. ఎవరూ చెప్పకుండానే ఆ సంగతి కనిపెట్టి, ఎక్కడి నుంచో మజ్జిగా నిమ్మకాయ ఊరగాయా తెప్పించి పంపినవారు పోలయ్య గారు. ఆయన ఆ ఊరి పెద్దకాపు. అంటే తగవులు తీర్చే పెద్ద, ఊరి తరఫున మాట ఇచ్చే మనిషి. అప్పటికే అరవై దాటాయి. పొట్టి మనిషి, పొదుపైన మాట. ఆయన మాటంటే రెండు వరసలకూ గురి. ఆ గురి తప్ప ఆయనకు వేరే ఆస్తి ఉన్నట్టు నాకు కనబడలేదు.

సరస్సు సముద్రంలో కలిసేచోటును మొగ అంటారు. రొయ్యలు ఆటుపోట్లకు ఆ దారినే వస్తాయి, పోతాయి. అక్కడ వల కట్టినవాడికి పంట, మిగతా చోట్ల కట్టినవాడికి నాచు. అయితే మొగలో ఒకేసారి నాలుగు వలలకే చోటుంది. నలభై ఇళ్లవాళ్లు ఆ నాలుగు చోట్ల కోసం తలలు పగలగొట్టుకోకుండా వాళ్ల తాతలు ఒక పద్ధతి పెట్టారు. వల మునగడానికి కట్టే కాల్చిన మట్టిగుండ్లు ఉంటాయి కదా, ఇంటికొక గుండు, దాని మీద ఆ ఇంటి గుర్తు. ఒకరిది నెలవంక, ఒకరిది మూడు గీతలు, ఒకరిది చేపముల్లు. అన్నీ కుండలో వేసి కలిపి, పెద్దకాపు ముఖం పక్కకు తిప్పుకుని ఒక్కొక్కటే తీస్తాడు. మొదట వచ్చిన నలుగురిదీ మొదటి రోజు, తర్వాతి నలుగురిదీ మర్నాడు. ఊళ్లో అన్ని ఇళ్లూ అయ్యాక గానీ మొదటివాడికి మళ్లీ వంతు రాదు. మగదిక్కు లేని ఇంటి గుండు కూడా కుండలో ఉంటుంది. వాళ్ల వంతు రోజున పక్కింటివాళ్లు వల వేసి రొయ్యలు తెచ్చి ఇవ్వాలి. పెద్దకాపు ఇంటి గుండు మాత్రం కుండలో వేయరు. ఆయన వంతు ఎప్పుడూ చివర.

ఇదంతా మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. చదువుకున్నవాణ్ని కదా! "బాగా వల వేయగలిగినవాళ్లకే మొగ ఇస్తే ఊరికి ఇంకా ఎక్కువ రొయ్యలు పడతాయి కదండీ" అని ఆయనకు సలహా కూడా ఇచ్చాను. ఆయన గుండ్లను ఎవరివి వాళ్లకు అందిస్తూ, "పడతాయి అయ్యోరా. పక్కింట్లో పొయ్యి ఎలగకుంటే మనింట్లో ఎక్కువ పడి ఏం జేసుకునేది?" అన్నారు. అంతా అర్థమైనట్టు తల మాత్రం ఊపాను.

తర్వాత రెండేళ్లకు ఆ ఊరికి పంచాయతీ వచ్చింది, దానితో పాటు ఎన్నికలూ వచ్చాయి. పట్నం నుంచి ఒక పార్టీ నాయకుడు పడవలో దిగి ఉత్తరపు వరసలో మస్తానయ్యను నిలబెట్టాడు. మస్తానయ్య పోలయ్య గారి మేనల్లుడు. రెండో పార్టీ నాయకుడు మరో పడవలో దిగి దక్షిణపు వరసలో సుబ్బరాయుణ్ని నిలబెట్టాడు. అంతవరకు ఆ ఇద్దరూ ఒకే పడవలో చెరో తెడ్డూ వేసినవాళ్లు. ఒకరిది లాంతరు గుర్తు, ఒకరిది గొడుగు. ఊరివాళ్లకు ఈ ఓటు సంగతి వివరించమని పైఅధికారులు నాకు కాగితం పంపారు. నేను దాన్ని మడిచి హాజరుపట్టీలో పెట్టి మరిచిపోయాను.

ఒక శనివారం మధ్యాహ్నం బడి మూసి రేవుకు పరుగెత్తుతున్నాను. మర్నాడు నాకు పెళ్లిచూపులు. ఆ పడవ తప్పితే రైలు అందదు. పోలయ్య గారు ఎదురొచ్చి, "అయ్యోరా, రొవంత నిలబడు. ఈ ఓటు సంగతి నాకు తేటగా జెప్పు. ఊరికి నేను మాటియ్యల్ల" అన్నారు.

"ఏముంది పోలయ్య గారూ, మీ కుండ లాంటిదే. గుండుకు బదులు కాగితం, ఇంటి గుర్తుకు బదులు పెట్టె మీద బొమ్మ."

"కుండ లాంటిదేనా?"

"అచ్చం కుండే" అని పడవలోకి దూకాను. ఇంత కష్టమైన విషయాన్ని ఎంత తేలిగ్గా చెప్పానా అని రైలు ఎక్కేదాకా మురిసిపోయాను. ఆ సంబంధం కుదరలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆయన నా మాటను పట్టుకుని రెండు వరసలనూ కూర్చోబెట్టారట. కుండలో ఏ గుండు ముందొచ్చినా తక్కినవాళ్ల వంతు పోదు, తర్వాత వస్తుంది. ఓటూ అంతేనని, ముందెవరు కూర్చోవాలో తేల్చేందుకే ఈ పెట్టెలని, వాళ్ల గడువు కాగానే రెండోవాళ్లు కూర్చుంటారని మాట ఇచ్చారు. ఎవరు ముందొచ్చినా గొడవ పడబోమని అందరిచేతా వల మీద చెయ్యి వేయించి ప్రమాణం చేయించారు. నేను సోమవారం వచ్చేసరికి ఊరు పెళ్లివారిల్లులా ఉంది. లాంతరువాళ్లు వండితే గొడుగువాళ్లు తిన్నారు, గొడుగువాళ్లు వండితే లాంతరువాళ్లు. ఎంత సభ్యతగా ఉన్నారో అనుకుని, అందులో నా బోధనకు కూడా కాస్త వాటా వేసుకున్నాను.

పోలింగు నా బళ్లోనే జరిగింది. సాయంత్రం పెట్టెలు విప్పి లెక్కపెట్టారు. లాంతరుకు పదకొండు ఓట్లు ఎక్కువ వచ్చాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ పోలయ్య గారు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "సరే సామీ. ముందు లాంతరోళ్లు గూచుంటారు. గొడుగోళ్ల వంతు ఎప్పుడు?" అని ఎన్నికల అధికారిని అడిగారు.

"వంతేంది పెద్దాయనా? వాళ్లు ఓడిపోయినారు గదా."

"అదే సామీ, ఓడినోళ్ల వంతు ఎప్పుడని అడగతా ఉండా."

అధికారి నవ్వాడు. పక్కనున్న పోలీసూ నవ్వాడు. "మళ్లీ ఎలక్షన్లు వచ్చినప్పుడు నిలబడమను. గెలిస్తే వాళ్లదే."

"గెలవకుంటే?"

అధికారి కాగితాలు సర్దుకోసాగాడు. పోలయ్య గారు తిరిగి నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కునే మనిషి చూపు అది. ఈలోగా సుబ్బరాయుడు ముందుకొచ్చి, "నీ మేనల్లుడి కోసరమా మా చేత వల మీద పెమాణం జేయించింది?" అని అందరి ముందూ అడిగాడు. అంతవరకు ఆ ఊళ్లో పెద్దకాపుతో అలా మాట్లాడినవాడు లేడు. పోలయ్య గారు, "తెలీక జెప్పినా అబ్బయా" అన్నారు, అంతే. "అయ్యోరు జెప్పినాడు" అని రెండు మాటలంటే చాలు, ఆయన బయటపడేవారు. నేను మూడు బారల దూరంలో బడి తాళం పట్టుకుని నిలబడి ఉన్నాను. నా నోరు లేవలేదు.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. మొగలో వంతులు ఇకమీదట పంచాయతీ నిర్ణయిస్తుందని పట్నం నాయకుడు మస్తానయ్యకు నూరిపోశాడు. దక్షిణపు వరస తన గుండ్లను కుండలో వేయలేదు, వేరే కుండ పెట్టుకుంది. రెండు కుండల్లోంచీ వంతులు వచ్చాయి గాని మొగ ఒక్కటే. తాళ్లు తెగాయి, ఒకరి చెయ్యి విరిగింది, మాటలైన పెళ్లి ఒకటి ఆగింది. పోలయ్య గారు రెండు కుండల్నీ ముట్టలేదు. తన వంతూ వదులుకుని, ఇంటి ముందు కూర్చుని రెండు వరసలవాళ్ల వలలకూ తుమ్మచెక్క పట్టించే పనిలో పడ్డారు. అడిగినవాడి వరస ఏదని చూసేవారు కాదు. ఆ రోజుల్లోనే ఒకసారి సూళ్లూరుపేట స్టేషనులో రైలెక్కితే, మా ఊరిని రెండుగా కోసిన ఆ ఇద్దరు నాయకులూ ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చుని, ఒకే పొట్లంలోంచి మురుకులు తింటున్నారు. మర్యాదస్థులు, నాకూ ఒకటి ఇచ్చారు. తిన్నాను.

మొగలో ఆ మనిషి చెయ్యి విరిగిన మర్నాడు పొద్దున్నే ధైర్యం కూడగట్టుకుని పోలయ్య గారి దగ్గరికి వెళ్లాను. కాగు ఉడుకుతోంది. ఆ వాసన పీలుస్తూ, "ఆ మాట చెప్పింది నేనేనని ఊరందరికీ చెప్పేస్తానండీ" అన్నాను.

"చెప్పబాకు" అన్నారు, వల తిప్పుతూనే. "ఇప్పుడు రెండు వరసల బిడ్డలూ ఒకచోట గూచునేది నీ బళ్లోనే. నువ్వు జెప్తే దక్షిణపోళ్లు రేప్పొద్దున్నే బిడ్డల్ని మానిపిస్తారు. నా మాట పొయ్యింది, పోనీ. బడి పోగూడదు. ఆ బిడ్డలు నాలుగక్షరాలు నేర్చిందాకా నోరు మూసుకోనుండు."

నిజం రాయాలి కదా. అది విన్నప్పుడు నాకు కలిగింది దుఃఖం కాదు, ఊరట. బడి పేరు చెప్పి ఆయన నన్ను కాపాడుతున్నారని తెలుసు. తెలిసీ, బతికానురా అనుకున్నాను. లేవబోతుంటే, "బళ్లో పెత్తనం ఎవురికిస్తా ఉండావు?" అని అడిగారు. బాగా చదివేవాడికి అన్నాను. "వంతులు పెట్టు అయ్యోరా. ఆడబిడ్డలకూ పెట్టు" అన్నారు. పెట్టాను. అక్కడే కాదు, ఆ తర్వాత పనిచేసిన ప్రతి బళ్లోనూ వారానికొకరు చొప్పున లీడరు, వెనక బెంచీవాళ్లతో సహా. ఇన్స్పెక్టర్లు విసుక్కున్నారు. ఇది క్రమశిక్షణ కాదన్నారు. నేను మార్చలేదు.

అరవైల మధ్యలో మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈసారి గొడుగు గెలిచింది. గెలిచినవాళ్లు మొదట చేసిన పని ఉత్తరపు వరసను మొగలోంచి తరమడం. ఆ సాయంత్రం పోలయ్య గారు నన్ను చూసి నవ్వారు. అంతకు ముందు ఆయన నవ్వగా నేను చూడలేదు. "నువ్వు జెప్పింది అబద్ధం గాదులే అయ్యోరా. ఓడినోళ్లకీ వంతొచ్చింది. రొయ్యల వంతు గాదు, కొట్టే వంతు." ఆ వేసవిలోనే నాకు అల్లూరుకు బదిలీ అయింది. పడవ దాకా వచ్చి నా ట్రంకుపెట్టె ఆయనే అందించారు. నేను మళ్లీ ఆ ఊరికి వెళ్లలేదు. కొన్నేళ్లకు ఆయన పోయారని ఒక పాత విద్యార్థి కార్డు రాశాడు. అప్పటికి ఆ బిడ్డలు నాలుగక్షరాలేమిటి, నలభై కార్డులు రాసేంత నేర్చారు. నేను నోరు విప్పడానికి ఆయన పెట్టిన గడువు ఎప్పుడో దాటిపోయింది. విప్పలేదు.

మా వసారాలో కూర్చున్న ఆవిడది దక్షిణపు వరస. పోలయ్య పేరు ఎప్పుడైనా విన్నావా అని అడిగాను. "వినకేం సార్! మా అవ్వ చచ్చేదాకా తిట్టింది ఆయన్ని. మొదటి ఎలక్షన్లోనే కుండ పేరు జెప్పి ఊరందర్నీ మోసం చేసి, మేనల్లుడిని గెలిపించుకున్నాడంట. రాజకీయాలు అప్పుడూ ఇంతే సార్" అని నవ్వింది. పక్కనున్న ముగ్గురూ నవ్వారు. "అమ్మా, ఆ మాట ఆయనది కాదు. నేను చెప్పింది. ఆయన నన్ను నమ్మారు" అన్నాను. ఆవిడ నా ముఖం వంకా, గేటు అవతల కదిలిపోతున్న ఆటో వంకా చూసింది. "అట్టనా సార్? సరే సార్, పోలింగు రోజు మాత్రం మరవబాకండి" అని నా చేతిలో కరపత్రం పెట్టి పక్కింటికి వెళ్లిపోయింది.

అందుకని ఇది రాస్తున్నాను. పోలయ్య గారు ఊరిని మోసం చేయలేదు. కుండ లాంటిదే అన్నది నేను. ఆ రోజు పడవ తప్పిపోతుందేమోనని తొందరలో ఉన్నాను.