సగం కొండ దాకా

ఆ వీధిలో అందరూ ఆమెను లేత్ అక్క అనేవారు. తండ్రి చేతులు వణకడం మొదలయ్యాక ఇనుము చెక్కే ఆయన లేత్ షాపు ఆమె చేతికొచ్చింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా "ఈ ఆర్డరు అయిపోనీ" అని దాటేసేది. ఆర్డర్లు అయిపోలేదు గానీ, ఆ మాట ఎత్తేవాళ్ళే తగ్గిపోయారు. తండ్రి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, ఇనుము కోస్తున్న చప్పుడు వింటూ "టూలుకి పదును పోయిందమ్మా, మార్చు" అనేవాడు. చాలాసార్లు అది నిజమే అయ్యేది.

ఒక ఉదయం పక్క షెడ్డు మెకానిక్ బాబాయి ఒక టాక్సీ డ్రైవరును వెంటబెట్టుకొచ్చాడు. డ్రైవరు గుడ్డలో చుట్టిన టర్బోను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఈయన కారు టర్బో పోయిందమ్మా. పాత బండి, దానిది ఇప్పుడు దొరకట్లేదు. వేరే కారుది, కాస్త చిన్నది తెచ్చుకున్నాడు. బోల్టు కన్నాలు కలవట్లేదు," అన్నాడు బాబాయి.

ఇంజను వదిలే పొగతోనే గిరగిరా తిరుగుతూ, ఇంజనులోకి అదనంగా గాలి తోసేది టర్బో. అది లేకపోతే కారు చదును మీద నడుస్తుంది గానీ ఎత్తు ఎక్కడానికి ఆయాసపడుతుంది. ఆ డ్రైవరు తిరిగేదేమో కొండదారి.

ఆమె కొలతలు తీసుకుంది. "మధ్యలో ఒక ప్లేటు వేద్దాం. ఒకవైపు పాత కన్నాలు, ఇంకోవైపు కొత్తవి. కానీ ఆయిల్ కిందికి దిగే గొట్టం నిటారుగా ఉండాలండీ. అడ్డం తిరిగితే ఆయిల్ వెనక్కి తన్ని పొగ పెడుతుంది."

పని జరుగుతుంటే డ్రైవరు, ఆమె తండ్రి పక్కనే బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. కొండ మీద పొద్దున్నే మబ్బులు కాళ్ళ కింద ఉంటాయని, పొగమంచులో ఒకసారి ఆవును చూసి ఎవరో మనిషనుకుని దారి అడిగానని చెప్పాడు. తండ్రి పడి పడి నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు. కొలత చూస్తున్నట్టు నటిస్తూ లేత్ ఆపింది. మాటలు ఇంకాస్త బాగా వినపడ్డాయి.

మొదటి ప్లేటు కుదరలేదు. బిగించాక ఆయిల్ గొట్టం పక్కకి ఒరిగింది. కన్నాలను కాస్త తిప్పి ఆమె ఇంకో ప్లేటు చేసింది.

"మీకు పని పెంచేస్తున్నాను," అన్నాడు డ్రైవరు.

"పని లేకపోతేనే కష్టం లెండి," అంది ఆమె.

బండి నడిపి చూసే రోజున బాబాయి నడుం పట్టేసింది. "ప్లేటు చేసింది నువ్వే కదా, నువ్వే వెళ్ళి వినమ్మా," అన్నాడు. ఆమె పనిబట్టలతోనే ముందు సీట్లో కూర్చుంది.

మలుపుల దగ్గర కారు మూడో గేరులోనే సాగిపోయింది. యాక్సిలరేటరు మీద కాలు పెట్టగానే టర్బో సన్నగా ఈల వేసేది. కిటికీలోంచి తడి ఆకుల వాసన వస్తోంది. "రెండో గేరు అడగట్లేదు, చూశారా," అన్నాడతను దారి మీంచి చూపు తిప్పకుండా. ఆమె నవ్వుతూనే ఉంది. అలా నవ్వుతున్నట్టు ఆమెకే తెలియదు.

సగం కొండ ఎక్కాక ఆపి బానెట్ ఎత్తారు. ఎక్కడా ఆయిల్ చెమ్మ లేదు.

"పైదాకా వెళ్దామా? ఇంకెంతో లేదు," అన్నాడతను.

ఇంట్లో తండ్రి ఒక్కడే ఉన్నాడు. సాయంత్రానికి ఇవ్వాల్సిన షాఫ్టు ఇంకా లేత్ మీదే ఉంది. "ఇంకోసారి వెళ్దాం లెండి," అంది.

"సరేనండి," అని అతను కారు తిప్పాడు. దిగుతున్నంతసేపూ అతను మళ్ళీ అడిగితే బాగుండుననుకుంది. అతను రెండోసారి అడిగే మనిషి కాదు.

తర్వాత కొద్ది రోజులకే కొండ మీది హోటలువాళ్ళు అతన్ని కారుతో సహా పనిలో పెట్టుకున్నారు. మొదట్లో అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. "బాగా ఎక్కుతోందండీ" అనేవాడు. "పొగ వస్తోందా?" అని ఆమె అడిగేది. ఇద్దరూ కారు గురించే మాట్లాడుకునేవారు. ఆ మాట దాటి ఎలా వెళ్ళాలో ఇద్దరికీ తెలియలేదు. ఫోన్లు పలచబడి, ఆగిపోయాయి. వీధిలో ఏ కారు ఈల వేసినా ఆమె చెయ్యి లేత్ స్విచ్ మీదికి పోయేది.

మరుసటి ఏడు, బాబాయిని తండ్రికి తోడుంచి, ఆమె కొండ మీదికి బస్సెక్కింది. ఫోన్ చేస్తే మళ్ళీ కారు ముచ్చటే వస్తుందని, చెప్పకుండానే వెళ్ళింది.

"ఆ డ్రైవరా? మానేసి చాలా కాలమైందమ్మా. కారేసుకుని ఎటో వెళ్ళిపోయాడు," అన్నాడు హోటలు వాచ్‌మన్.

అక్కడే నిలబడి ఫోన్ చేసింది. ఆ నంబరు పనిచేయడం లేదు.

"కారు బాగా నడిచేదా?" అని వాచ్‌మన్‌ను అడిగింది.

"దానికేం, దూసుకుపోయేది."

ఆమె పిట్టగోడ మీద కూర్చుని టీ తాగింది. అతను చెప్పినట్టే మబ్బులు కింద ఉన్నాయి. చివరి బస్సు హారన్ కొట్టేదాకా వాటినే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి తండ్రి మెలకువగానే ఉన్నాడు.

"ఏముందమ్మా పైన?"

"చలిగా ఉంది నాన్నా," అంది ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంటూ. "చాలా బాగుంది."

ఆయన వణికే చేతిని ఆమె తల మీద పెట్టి, అలాగే ఉంచాడు.