చంకలో కర్రతో చప్పట్లు

మోకాలెలా ఉందని ఎవరడిగినా "గ్రాండ్" అనేవాడు, ఐర్లండ్‌లోని నేస్‌లో మా పక్కింటి రగ్బీ లీగ్ ఆటగాడు. బాగానే ఉందనడానికి అక్కడివాళ్ళ మాట అది. కుంటుతూ అలా అంటుంటే నాకు ఒళ్ళు మండేది. ఆటలో దెబ్బతిన్న ఆ మోకాలికి వెంటనే ఆపరేషన్ చేస్తే మళ్ళీ ఆడొచ్చన్నారు డాక్టర్లు. అంతలో కోవిడొచ్చి అది వాయిదా పడింది. నర్సుల కోసం వీధంతా చప్పట్లు కొట్టిన సాయంత్రం, డ్యూటీకి బయల్దేరిన మా ఆవిడను చూసి అతనూ చంకలో కర్రతో గుమ్మంలో నిలబడి కొట్టాడు.

"అతని ఆపరేషన్ ఆపింది మా కోవిడ్ బెడ్ల కోసమేనండీ. మొహమెలా చూడను?" అంది ఆవిడ కారెక్కుతూ.

రెండేళ్ళకు అతనికి ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది.

"ఇక గ్రౌండ్‌లోకి దిగుతావన్నమాట!" అన్నాను.

"ఆటకు ఆలస్యమైపోయిందట. మెట్లెక్కగలిగేలా మాత్రం చేస్తారట," అన్నాడు.

ఆపరేషన్ చేయించుకుని అతను టాక్సీ దిగిన రోజు వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. నేనే వెళ్ళి, ఎలా ఉందన్నాను.

"గ్రాండ్," అన్నాడు, కర్ర కోసం చెయ్యి చాస్తూ.