వదిన చెయ్యి పెడితే దాక్కున్న చేపలు

బుడంకాయ అన్న పేరు ఆమెకు వదిన పెట్టింది. మనిషి పొట్టి, గుండ్రం. తొట్టి అడుగు అందాలంటే పీట ఎక్కాల్సిందే. పనిలో చేరిన మొదటిరోజే వదిన ఎగాదిగా చూసి, "ఏమే బుడంకాయా, చేపల్ని పెంచుతావా, చేపల్లో పడతావా?" అంది. ఆ పేరే నిలిచిపోయింది.

రంగుచేపలు పెంచే రేకుల షెడ్డు అది. గోడ వెంట ఇరవై గాజు తొట్లు. పనంతా వదినా ఆడపడుచులదే. నీళ్లు ఎన్నాళ్లకు మార్చాలి, మేత ఎంతలో ఆపాలి, గుడ్లమీదున్న చేపను ఎలా పట్టాలి, ఇవన్నీ వదిన చేసి చూపించి నేర్పింది. అడిగితే, "ముందు చెయ్యి తడుపుకో, తర్వాత నోరు విప్పుదువుగాని" అనేది. ఆవిడ చెయ్యి పెడితే చారల చేపలు వేళ్ల సందుల్లో దూరి మేత తినేవి. హస్తవాసి అంటే ఆవిడదేనని చేపలు కొనేవాళ్లు కూడా అనేవారు.

అలాంటిది ఒకనాటి నుంచి వ్యవహారం తిరగబడింది. వదిన ఆరో తొట్లో చెయ్యి పెట్టగానే చేపలన్నీ దిగ్గున అడుగుకు పోయి, ఓ మూల ముద్దగా చేరి, మొప్పలు తప్ప ఏదీ కదపకుండా ఉండిపోయాయి. మర్నాడూ అంతే. నీళ్లు మార్చినా అంతే. బుడంకాయ పెడితే మాత్రం మామూలుగా వచ్చాయి. ఐదోనాడు యజమాని చూశాడు.

"నీ చేతికేదో అయిందమ్మా. కొన్నాళ్లు ముట్టకు" అన్నాడు, కొనడానికొచ్చిన నలుగురి ముందు.

వదిన చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయింది. ఆవిడ పక్షాన బుడంకాయ ఒక్క మాటా అనలేదు. వారం తిరక్కుండా వదిన, అన్నయ్య లారీ నడిపే ఊరికి కాపురం మార్చేసి, అక్కడ ఇస్త్రీ కొట్లో చేరింది.

శుక్రవారం శుక్రవారం తొట్ల నీళ్లు ట్యూబుతో లాగడం ఇద్దరి పని. ఒకరు ఒక కొసను తొట్లో ముంచి పట్టుకోవాలి, ఇంకొకరు రెండో కొసను నోటితో పీల్చి బకెట్లోకి వదలాలి. ఇప్పుడు రెండు కొసలూ బుడంకాయవే. నోట్లోకి నీళ్లొచ్చినప్పుడల్లా ఉమ్మేసి, "ఆపు వదినా" అనేది అలవాటుకొద్దీ. అన్నాక కాసేపు పని సాగేది కాదు.

ఇరవై రోజులకు ఆమె మణికట్టు పట్టేసింది. వదిన వదిలేసిన నొప్పుల మందు డబ్బా అలమరలో ఉంటే రాసుకుని, ఆరో తొట్లో చెయ్యి పెట్టింది. చేపలు దిగ్గున అడుగుకు పోయాయి.

బుడంకాయ పీట దిగింది. చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడుక్కుని మళ్లీ పెట్టింది. వచ్చాయి. మందు రాసిన చేత్తో పదో తొట్టి చూసింది. అక్కడ చేపలు పట్టించుకోనేలేదు. మూడు రోజులు ఇలాగే చూశాక, వదిన చేతికి చేపలు మొదటిసారి దాక్కున్న రోజు ఏం జరిగిందో గుర్తుచేసుకుంది. ఆ ఉదయమే వల తీగ విరిగి ఆరో తొట్లో ఒక చేప వీపు చీరుకుంది. వదిన మణికట్టుకు మందు రాయడం మొదలుపెట్టిందీ ఆ ఉదయమే.

చేప చర్మం తెగితే అందులోంచి ఒక పదార్థం నీళ్లలో కలుస్తుంది. తోటి చేపలు దాన్ని ముక్కుతో పసిగట్టి దాక్కుంటాయి. ఇంతవరకు బుడంకాయకు తెలుసు. దెబ్బతిన్న చేపను పట్టిన వలను వదిన ఇంకో తొట్లో ముంచనిచ్చేది కాదు. ఆ భయంతోపాటే కొత్తగా తగిలిన వాసనను కూడా చేప జతకలిపి గుర్తుపెట్టుకుంటుందని మాత్రం ఇద్దరికీ తెలియదు. అవి భయపడింది మందుకు, మనిషికి కాదు.

ఫోను చేసి చెబితే వదిన నవ్వింది. "నన్ను రప్పించడానికి కథలల్లుతున్నావే."

"అంత తెలివుంటే నీ దగ్గర చీవాట్లు ఎందుకు తింటాను? వచ్చి చూసుకో."

రెండు రోజులకు వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా చేతులు కడుక్కుని, చీర కుచ్చిళ్లు దోపుకుని, ఆరో తొట్లో చెయ్యి పెట్టింది. ముందు ఒక చేప వచ్చింది. తర్వాత నాలుగు. కాసేపటికి వేళ్ల సందులు నిండిపోయాయి. వదిన చాలాసేపు చెయ్యి తీయలేదు.

యజమాని వచ్చి నీళ్లు నమిలాడు. "పనిలోకి రామ్మా."

"చూద్దాంలెండి" అంది వదిన, తొట్లోంచి చూపు తిప్పకుండా.

బస్సు కోసం నిలబడ్డప్పుడు బుడంకాయ అంది, "ఆ రోజు నేను మాట్లాడి ఉండాల్సింది వదినా."

"ఉండాల్సింది" అంది వదిన.

బస్సు వచ్చింది. వదిన ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

"ఇస్త్రీ కొట్టుకు సెలవెప్పుడు?" అడిగింది బుడంకాయ.

"మంగళవారం. ఎందుకే?"

బస్సు కదిలింది. బుడంకాయ షెడ్డుకు తిరిగొచ్చి, ఇకమీదట నీళ్లు లాగేది శుక్రవారం కాదు, మంగళవారమని యజమానితో చెప్పింది.