ఎడమ సీటుకు పెట్టిన దండం

తొంభై ఐదో సంవత్సరం. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు పక్కన నేను సొంతంగా జీపుల రిపేరు షెడ్డు పెట్టుకున్న తొలి రోజులవి. రోడ్డు మీద జీపు కనిపిస్తే జనం ముందు అందులో ఎవరున్నారో చూసేవాళ్లు. ఎదురెళ్లి పలకరించాలా, సందులోకి తప్పుకోవాలా అన్నది ఆ తర్వాత తేల్చుకునేవాళ్లు. పులివెందుల, లింగాల నుంచి కూడా నాకు జీపులు వచ్చేవి. రెండు పార్టీల బండ్లూ మా షెడ్డులో పక్కపక్కనే నిలబడేవి. వాటి మధ్య మాత్రం ఏ తగాదా ఉండేది కాదు. ఒకదాని నట్టు ఇంకోదానికి సరిపోయేది.

అలాంటప్పుడు జమ్మలమడుగు వైపు ఒక ఊరి పెద్ద, మద్దిలేటిరెడ్డి, ఒక పాత మిలిటరీ జీపును లారీ మీద తెచ్చి దింపించాడు. డిస్పోజల్ బండి, అంటే సైన్యం ఇక పనికిరాదని వేలంలో అమ్మేసినది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికావాళ్లు తెచ్చి వదిలిపోయిన రకం. బానెట్ ఎత్తితే తొండల సంసారం ఒకటి బయటికొచ్చి, ఇల్లు ఖాళీ చేయించినందుకు నా వైపు గుర్రుగా చూసింది. నేను ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ తొండలు పెరుగుతున్నాయని మా ఇంట్లో అంటారు.

దాన్ని ఊర్ల మీద తిరిగే బండిగా మార్చాలి. తుప్పు గీకించి, చాసిస్‌కు, అంటే బండిని మోసే కింది చట్రానికి, పగిలిన చోటల్లా వెల్డింగ్ పెట్టించాను. ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి కడిగాను. ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచే పెట్టె అది. వంకలో ఇసుక దాటించేది అదే. వెనక మనుషులు ఎదురెదురుగా కూర్చునేలా పొడవు బెంచీలు వేసి, పైన కొత్త టాపు కట్టించాను. డీజిల్ ఇంజన్ వేద్దామంటే రెడ్డి ఒప్పుకోలేదు.

"డీజిలైతే ఆ సద్దుకే మనం పోయేది మూడూర్లకు ముందే తెలుస్తాది. పెట్రోలే ఉండనీ."

ఇక మిగిలింది స్టీరింగ్. అమెరికా బండి కాబట్టి అది ఎడమవైపు ఉంది. దాన్ని కుడికి మార్చడం మాకు తెలిసిన పనే. స్టీరింగ్ బాక్సు అవతలి పక్క బిగించాలి, పెడళ్లు మార్చాలి, బ్రేకు ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌కు కొత్త చోటు చూడాలి.

"కుడికి తిప్పేదా అన్నా?" అని అడిగాను.

"ఒద్దు. పాతకాలం బండి పాతకాలం మాదిరే ఉండాల," అన్నాడు రెడ్డి.

ముచ్చట పడుతున్నాడనుకున్నాను.

ఆయన డ్రైవరు దేవదానం. ముద్దనూరు దగ్గర పల్లె. మాట తక్కువ మనిషి. ఆదివారం ప్రార్థన తప్పడు, అబద్ధం చెప్పడు. మా ఇద్దరికీ స్నేహం ఎలా కుదిరిందంటే, నేను చెప్పేవన్నీ నిజమని నమ్మేవాడు ప్రొద్దుటూరు మొత్తానికీ అతనొక్కడే.

బండి సిద్ధమయ్యాక ఒక ఆదివారం ట్రయల్‌కు బయలుదేరాం. అతను చర్చి నుంచి నేరుగా, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో వచ్చాడు. ఎడమవైపు స్టీరింగ్ పట్టుకుని అతను, కుడివైపు గ్రీజు లుంగీలో నేను. జమ్మలమడుగు రోడ్డు పట్టాం. కొంత దూరం పోగానే ఒక టీ అంగడి ముందు బెంచీ మీదున్నవాళ్లంతా లేచి నిలబడి దండం పెట్టారు.

"నీకు సుట్టాలా?"

"ఎవురో తెలీదు మామా."

మరి కాస్త ముందుకు పోతే, సైకిల్ మీద పోతున్న మనిషి దిగి, చెప్పులు విడిచి మరీ దండం పెట్టాడు. నాకు నవ్వాగలేదు.

"ఏందప్పా దేవదానం, నువ్వెప్పుడు లీడరువైతివి?"

అతను నవ్వలేదు. బండిని రోడ్డు పక్కకు తీసి నిలిపాడు. ఇంజన్ మాత్రం ఆపలేదు.

"మామా, వాళ్లు నన్ను జూసి పెట్టలే. ఈ సీటును జూసి పెట్టినారు."

అప్పుడు వెలిగింది నాకు. మా వైపు జీపులో ముందు ఎడమ సీటు పెద్దమనిషిది. కుడివైపు డ్రైవరు, వెనక మనుషులు. ఎక్కడా రాసి లేకపోయినా అందరికీ తెలిసిన లెక్క. దండం పెట్టేవాడికీ అదే లెక్క, కల్వర్టు చాటున నాటుబాంబు పట్టుకుని కాచుకున్నవాడికీ అదే లెక్క. దుమ్ములో వచ్చే జీపులో మొహాలు పోల్చుకునే తీరిక వాడికి ఉండదు.

"దండం పెట్టేటోడు తప్పు జేస్తే నవ్వుకుంటాం," అన్నాడు దేవదానం. "బాంబేసేటోడు తప్పు జేస్తే మా ఇంట్లో ఏడుస్తారు."

"మానుకో అప్పా ఈ పని."

"ఎలచ్చన్ల ముందర మానుకుంటే అవతల పార్టీకి అమ్ముడుబోయినాడంటారు. అప్పుడు ఈ పక్కోళ్లే నన్ను ఎతుక్కుంటారు."

అక్కడి నుంచే వెనక్కి తిరిగాం. దారిలో కల్వర్టు వచ్చిన ప్రతిసారీ ఇద్దరం మాట ఆపేశాం.

మరుసటి రోజు రెడ్డి బండి చూడటానికి వచ్చాడు. దేవదానం బండి పక్కనే ఉన్నాడు. వెంట వచ్చిన మనుషుల్లో ఒకడు షట్టరు సగం దింపి దాని కింద నిలబడ్డాడు. 'నీ చావు దేవదానం మీదికి తోస్తున్నావు' అని ఆయన మొహం మీద అంటే, షెడ్డు సంగతి అటుంచి, నేనే ఉండను. నాకు చేతనైన విద్య ఇంకొకటుంది. దాన్నే నమ్ముకున్నాను.

"బండి అదిరిపోయిందన్నా. తంటా ఒగటే."

"ఏంది?"

"దావ పొడుగునా దేవదానానికి దండాలు. ఒగ ముసిలామె అడ్డమొచ్చి, 'రెడ్డీ, మా ఈదిలో బోరింగు సెడిపాయ' అని ఈయప్ప కాళ్లు పట్టుకునె. రేపు నువ్వు కుడిపక్క కూసుంటే సూసేటోళ్లకు నువ్వు డ్రైవరు, ఈయప్ప లీడరు. జమ్మలమడుగు బస్టాండులో అప్పుడే అనుకుంటాండారు, రెడ్డి బయపడి డ్రైవరు సీట్లో దాంకుంటాండాడని."

ముసలామెనూ, ఆమె బోరింగునూ పుట్టించింది నేను. బస్టాండు దాకా మేం పోనే లేదు.

రెడ్డి నన్ను వదిలి దేవదానం వైపు తిరిగాడు. నేను ఎలాంటివాడినో ఆయనకు తెలుసు, అతను ఎలాంటివాడో కూడా తెలుసు.

"ఏమిరా, నిజమేనా?"

ముసలామె లేదని దేవదానం అంటే నేను అయిపోయినట్టే. ఉందనడం అతని వల్ల కాదు.

"దండాలు పెట్టింది నిజమేన్నా," అన్నాడు చివరికి. "నాకు శానా బయమేసింది."

"దండం పెడితే బయమేందిరా?"

"నాకు రావాల్సినయి గాదు గదన్నా అయి. ఆ సీటుకు ఏమొచ్చినా నాకు రావాల్సింది గాదు."

రెడ్డి మనుషుల్లో ఒకడు తల వంచుకున్నాడు. రెడ్డి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"తిప్పు మస్తానూ, కుడికి తిప్పు."

నేను ఊపిరి పీల్చుకునేలోగా, షట్టరు దాకా పోయిన రెడ్డి ఆగి వెనక్కి చూశాడు.

"ఆఁ, ఎడమ సీటు కింద పెట్రోలు ట్యాంకుండాది గదా. దాన్ని పెరికి ఎనక్కు పెట్టు."

ఆ రకం జీపులో ట్యాంకు ఉండేది అక్కడే. కానీ ఆ సంగతి నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. అది దేవదానం కింద ఉన్నన్నాళ్లూ దాన్ని మార్చాలని ఆయనకు తోచలేదు. నేను దేవదానం వైపు చూశాను. అతనూ విన్నాడు.

స్టీరింగ్ కుడికి మార్చాను. ట్యాంకును చాసిస్ చివరికి జరిపి, కింద రేకు కట్టాను. ఇక్కడ బాంబు పేలిందని రాస్తే చదవడానికి బాగుంటుంది, నాకూ చేతులు దురదగానే ఉన్నాయి. కానీ పేలలేదు. ఎన్నికలు గడిచాయి. ఫలితాలు వచ్చి గొడవ సద్దుమణిగాక, మానుకున్నా ఎవరూ వేలు చూపని సమయం చూసి, దేవదానం తాళం రెడ్డి ఇంట్లో ఇచ్చేశాడు. ముద్దనూరులో ట్రాక్టరు తోలుకోవడానికి పోతూ షెడ్డుకు వచ్చాడు.

"కుడిపక్కకొచ్చినాక కూడా బయమేనా అప్పా?" అన్నాను.

"బాంబుకు గాదు మామా. ఆ ట్యాంకు మాట ఇన్న కాడ్నించి ఆయప్ప పక్కన కూసోలేకుండా ఉండా."

గేరుబాక్సు విప్పడం ఏ మేస్త్రీ అయినా నేర్పుతాడు. ఆ జీపు నాకు నేర్పింది వేరు. ఇప్పటికీ ఎవరు ఏ బండిని మార్చమని తెచ్చినా, రెంచి పట్టుకోకముందే అడుగుతాను, "దీంట్లో ఎవురు యాడ కూసుంటారప్పా?" అని. సీటు కవర్ల కోసం అడుగుతున్నాననుకుని రంగు చెబుతారు. సరేనని తలూపి, మళ్లీ అదే అడుగుతాను.